కథ, ముచ్చట: రాష్ట్ర విభజన వాదాల్లో కారణం, చట్టబద్ధత

వ్యాస సంగ్రహం:
ఆంధ్రప్రదేశ్ విభజనపై తెలుగులో వెలువడిన రచనలు రెండు ప్రశ్నల చుట్టూ తిరుగుతాయి. విడిపోవడానికి కారణం ఏమిటన్నది మొదటి ప్రశ్న. విడదీసిన తీరు చట్టబద్ధమేనా అన్నది రెండో ప్రశ్న. ఇవి వేర్వేరు ప్రశ్నలు. అయినా ఒకదానికి చెప్పవలసిన జవాబును మరొకదానికి చెప్పడం ఈ రచనల్లో తరచుగా కనిపిస్తుంది. ‘వేర్పాటు’ అన్న పదం మోసిన అర్థాలు, ఇరుపక్షాలు వాడిన కుటుంబ రూపకాలు, ‘వొడువని ముచ్చట’, ‘విభజన కథ’ అనే రెండు పుస్తకాల స్వభావం, 1956, 2014 సంవత్సరాల రాజ్యాంగ ప్రక్రియలు ఆధారంగా ఈ వ్యాసం ఆ అయోమయాన్ని పరిశీలిస్తుంది. కోనసీమలోని వాడపల్లి మొదలు పోలవరం ముంపు మండలాల వరకు గోదావరి వెంట చూసినప్పుడు ఈ రెండు ప్రశ్నల వెనుక మిగిలిపోయిన మూడో ప్రశ్న బయటపడుతుందని ప్రతిపాదిస్తుంది. అది సమ్మతికి సంబంధించిన ప్రశ్న.

కీలక పదాలు: వేర్పాటు, విభజన, విలీనం, 3వ అధికరణ, సమ్మతి, ఉద్యమ సాహిత్యం, కోనసీమ, పోలవరం.

1. ఉపోద్ఘాతం:

ఒక ప్రాంతం తాను ఇమిడి ఉన్న రాజకీయ వ్యవస్థ నుంచి విడిపోవాలనుకున్నప్పుడు వాదం రెండు దారుల్లో నడుస్తుంది. విడిపోవాలనుకునేవారు కారణాలు చెబుతారు. వద్దనుకునేవారు చట్టాన్ని ముందుకు తెస్తారు. కాలం మారితే ఈ స్థానాలు తారుమారవుతాయి. ఇందుకు అమెరికా దక్షిణ రాష్ట్రాల చరిత్ర ప్రసిద్ధ ఉదాహరణ. 1860 డిసెంబరు 20న దక్షిణ కరోలినా యూనియన్ నుంచి వైదొలగినప్పుడు వెలువరించిన ప్రకటన బానిసత్వాన్ని దాచిపెట్టలేదు. కాన్ఫెడరసీ ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీఫెన్స్ 1861 మార్చిలో చేసిన ప్రసంగంలో బానిసత్వమే తమ కొత్త ప్రభుత్వానికి పునాది అని స్పష్టంగా చెప్పాడు. యుద్ధంలో ఓడిన తరువాత అదే స్టీఫెన్స్ రాసిన బృహద్గ్రంథంలో ఆ కారణం వెనక్కు జరిగి, రాష్ట్రాల హక్కులనే రాజ్యాంగ చర్చ ముందుకు వచ్చింది. కారణం చెప్పుకోలేనిదైనప్పుడు చట్టబద్ధత దానికి ముసుగైంది. 1869లో అమెరికా సుప్రీంకోర్టు టెక్సస్ వ్యాజ్యంలో, యూనియన్ విచ్ఛిన్నం కానిదని, అందులోని రాష్ట్రాలూ విచ్ఛిన్నం కానివేనని తీర్పు చెప్పింది.

తెలంగాణ కథను ఈ చరిత్రతో సమానం చేయడం తగదు. ఉద్దేశంలోనే కాక నిర్మాణంలోనూ ఆ రెండూ ఎదురుబొదురు. అక్కడ రాష్ట్రం కేంద్రాన్ని కాదని తనంతట తాను వెళ్లిపోతానన్నది. ఇక్కడ ఒక ప్రాంతం కేంద్రాన్నే ఆశ్రయించి విడదీయమని కోరింది. కాదన్నది రాష్ట్రం. భారత రాజ్యాంగంలో యూనియన్ విచ్ఛిన్నం కానిది, రాష్ట్రాల రూపురేఖలు మాత్రం మార్చదగినవి. కాబట్టి భాగం వెళ్లిపోవచ్చా అన్నది ఇక్కడి ప్రశ్న కాదు. మొత్తం వద్దన్నా విడదీయవచ్చా అన్నదే ప్రశ్న. ఈ తేడాను గుర్తించకపోవడమే తెలుగు విభజన సాహిత్యంలోని అనేక గందరగోళాలకు మూలం.

2. ‘వేర్పాటు’ పదం మోసిన బరువు:

దేశం నుంచి విడిపోవడానికి ఒక మాట, రాష్ట్రం నుంచి విడిపోవడానికి మరొక మాట ఇంగ్లీషులో ఉన్నాయి. తెలుగు పత్రికా భాషలో రెండింటికీ ‘వేర్పాటు’ ఒక్కటే సరిపోయింది. ‘వేర్పాటువాది’ అన్న మాట కశ్మీరు వార్తలోనూ, తెలంగాణ వార్తలోనూ ఒకే రూపంలో కనిపించింది. పదం ఒకటే కావడంతో నేరమనే ఛాయ కూడా ఒకచోటి నుంచి మరొకచోటికి పాకింది.

దక్షిణ భారతంలో నిజమైన అర్థంలో దేశం నుంచి వేర్పాటును కోరిన ప్రధాన ఉద్యమం ద్రవిడనాడు. దాని భావనలో తెలుగు నేల కూడా ఉంది. 1962 మేలో రాజ్యసభలో అన్నాదురై ఆ వాదాన్ని వినిపించారు. 1963లో వచ్చిన 16వ రాజ్యాంగ సవరణ చట్టసభలకు పోటీచేసేవారు దేశ సార్వభౌమత్వానికి, సమగ్రతకు బద్ధులమని ప్రమాణం చేయాలని నిర్దేశించింది. డి.ఎం.కె. ఆ డిమాండును వదులుకుంది. తెలంగాణ ఉద్యమం ఏ దశలోనూ ఈ గీత దాటలేదు. అది అడిగింది రాజ్యాంగం 3వ అధికరణ కిందనే. విశేషమేమిటంటే ఆ అధికరణ వాడిన మాట కూడా ఒక రాష్ట్రం నుంచి భూభాగాన్ని ‘వేరుచేయడం’ అనే. అంటే వేర్పాటు ఇక్కడ రాజ్యాంగ ప్రక్రియ పేరు. నిందగా వాడినవారు ఆ సంగతి గమనించలేదు, నిందగా స్వీకరించి నొచ్చుకున్నవారూ గమనించలేదు.

ఈ పదం ఎవరి మీద వాలుతుందన్నది కూడా కాలాన్ని బట్టి మారింది. 1913లో బాపట్లలో తొలి ఆంధ్ర మహాసభ జరిగిన నాటి నుంచి 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా మద్రాసు నుంచి వేరుపడాలని కోరినవారు తెలుగువారే. ఆ వేరుపడటాన్ని తెలుగు సాహిత్యం ‘అవతరణ’ అన్నది. 1972-73లో జై ఆంధ్ర ఉద్యమం ప్రత్యేకాంధ్ర రాష్ట్రాన్ని కోరింది. ఉప ముఖ్యమంత్రి బి.వి. సుబ్బారెడ్డి పదవి వదులుకుని ఆ ఉద్యమంలో నిలిచారు. ఆ కోర్కె నెరవేరకపోవడంతో దానికి వేర్పాటు అన్న ముద్ర అంతగా అంటలేదు. 2014లో అదే పని జరిగినప్పుడు ఒకవైపు ‘ఆవిర్భావం’, మరోవైపు ‘విభజన’ అన్న మాటలు స్థిరపడ్డాయి. జూన్ 2 తెలంగాణలో ఉత్సవమైంది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్నేళ్లు అదే తేదీన ‘నవనిర్మాణ దీక్ష’ జరిగింది. ఒకే చట్టానికి రెండు పేర్లు రావడం వెనుక ఉన్నది చట్టం గురించిన అభిప్రాయభేదం కాదు, కారణం గురించినది.

3. రూపకాల్లో దాగిన న్యాయసూత్రాలు:

ఉద్యమ కాలపు రచనల్లో రెండు కుటుంబ రూపకాలు ప్రబలంగా కనిపిస్తాయి. సమైక్యవాదులది తల్లి రూపకం. తెలుగుతల్లి దేహాన్ని చీలుస్తున్నారన్న భావన పాటల్లో, వ్యాసాల్లో, ఊరేగింపుల్లో పదే పదే వచ్చింది. తెలంగాణవాదులది అన్నదమ్ముల రూపకం. అన్నదమ్ముల్లా విడిపోదామన్న నినాదం ఊరూరా వినిపించింది. ఈ రెండింటినీ విమర్శకులు సాధారణంగా భావోద్వేగ చిహ్నాలుగా మాత్రమే చూశారు. వాటిలో న్యాయసూత్రాలు కూడా ఉన్నాయి.

తల్లి దేహానికి పంపకం ఉండదు. ఆ రూపకాన్ని అంగీకరిస్తే విభజన ఏ పరిస్థితిలోనూ న్యాయం కాదు, కారణం అడగవలసిన అవసరమే లేదు. అన్నదమ్ముల రూపకం దీనికి పూర్తిగా భిన్నమైనది. మితాక్షర సంప్రదాయంలో ఉమ్మడి కుటుంబంలోని భాగస్వామి తాను వేరుపడాలన్న సంకల్పాన్ని స్పష్టంగా ప్రకటిస్తే చాలు, మిగిలినవారి అంగీకారంతో పనిలేదు. ‘ఉమ్మడి రాష్ట్రం’ అన్న వాడుకలోనే ఈ సూత్రం ఇమిడి ఉంది. దాన్ని అంగీకరిస్తే అడిగినవాడికి వాటా పంచక తప్పదు. ఇక్కడా కారణం అడగవలసిన అవసరం లేదు.

రాజ్యాంగం మాత్రం ఈ రెండింటిలో దేన్నీ గుర్తించదు. అది రాష్ట్రాన్ని విడదీయరాని దేహంగా చూడదు, ప్రాంతానికి వాటాదారు హక్కునూ ఇవ్వదు. అధికారం మొత్తాన్ని పార్లమెంటు చేతిలో పెడుతుంది. రెండు రూపకాలూ తమకు లేని హక్కును కవిత్వం ద్వారా సంపాదించుకున్నాయి. వాటి బలం అదే, పరిమితీ అదే.

4. రెండు పుస్తకాలు, రెండు ప్రక్రియలు:

ఈ వాదాల స్వభావాన్ని తెలుసుకోవడానికి రెండు పుస్తకాలను పక్కపక్కన పెట్టి చూడవచ్చు. ఆచార్య జయశంకర్ జీవితానుభవాలను సంభాషణ రూపంలో కొంపెల్లి వెంకట్ గౌడ్ గ్రంథస్థం చేసిన ‘వొడువని ముచ్చట’ ఒకటి. రాజమండ్రి మాజీ పార్లమెంటు సభ్యుడు ఉండవల్లి అరుణ్‌కుమార్ 2016లో వెలువరించిన ‘విభజన కథ’ మరొకటి. పేర్లలోనే వీటి వాదపద్ధతి ఉంది. ‘వొడువని’ అంటే ముగియని అని అర్థం. ముచ్చటకు ముగింపు ఉండదు. కథకు ఆది, అంతం ఉంటాయి.

కారణవాదానికి కావలసింది కాలవ్యవధి. 1952 ముల్కీ ఆందోళన, 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందం, 1969 ఉద్యమం, 1973 ఆరు సూత్రాలు, 1985 నాటి 610 జీవో, 2009 నిరాహారదీక్ష ఒకే దారంలో గుచ్చినప్పుడే ‘వంచన’ అన్న కారణం రూపుకడుతుంది. ఏ ఒక్క సంఘటనను విడిగా తీసుకున్నా దానికి పరిపాలనాపరమైన సంజాయిషీ దొరుకుతుంది. వాటన్నిటినీ చూసిన ఒక మనిషి నోటివెంట, తెలంగాణ మాటతీరులో, అవి వరుసగా వచ్చినప్పుడు సంజాయిషీలు నిలబడవు. సాక్షి స్వరమే ఇక్కడ ప్రమాణం. ఈ ప్రక్రియకు పరిమితి కూడా ఉంది. తెలంగాణ మిగులు నిధుల లెక్కనే తీసుకుంటే, 1969లో వేసిన లలిత్ కుమార్, భార్గవ సంఘాలు వేర్వేరు మొత్తాలు తేల్చాయి. జ్ఞాపకం అలాంటి వ్యత్యాసాన్ని పరిష్కరించలేదు. దానికి సాక్ష్యం చెప్పడమే వచ్చు, లెక్క సరిచూడటం రాదు.

చట్టవాదానికి కావలసింది తేదీ, గడియ. 2014 ఫిబ్రవరి 13న బిల్లు సభలో ప్రవేశపెట్టిన సందర్భం, 18న తలుపులు మూసి, ప్రత్యక్ష ప్రసారం ఆగిన స్థితిలో మూజువాణి ఓటుతో లోక్‌సభ ఆమోదం, 20న రాజ్యసభ ఆమోదం ఈ వాదానికి రంగస్థలం. సభ్యులను లెక్కించకుండా మెజారిటీని ఎలా నిర్ధారించారన్నది ఉండవల్లి మౌలిక ప్రశ్న. ఆ ప్రశ్న న్యాయమైనది. హాజరై ఓటు వేసినవారిలో మెజారిటీతో నిర్ణయం జరగాలని 100వ అధికరణ చెబుతుంది. అయితే సభావ్యవహారంలో పద్ధతి లోపించిందన్న కారణంతో దాని చెల్లుబాటును కోర్టులో ప్రశ్నించరాదని 122వ అధికరణ అంటుంది. పద్ధతి లోపానికీ, మౌలికమైన చట్టవిరుద్ధతకూ తేడా ఉందని, రెండోదాన్ని కోర్టు పరిశీలించవచ్చని 2007లో రాజారాంపాల్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు చెప్పింది. వాదం నిలబడేదీ, పడిపోయేదీ ఈ సన్నని గీత మీదనే. 371డి అధికరణను మార్చాలంటే 368 కింద ప్రత్యేక సవరణ కావాలన్న వాదం కూడా ఇలాంటిదే. పునర్వ్యవస్థీకరణ చట్టంలోని 97వ సెక్షన్ ఆ మార్పును చేసింది. 3వ అధికరణ కింద చేసే చట్టాన్ని రాజ్యాంగ సవరణగా పరిగణించరాదని 4వ అధికరణ అంటుంది కాబట్టి ప్రభుత్వపక్షానికి అది ఆధారమైంది.

‘విభజన కథ’ బలం సూక్ష్మతలో ఉంది. దాని లోపం కూడా అక్కడే ఉంది. లెక్కింపు సక్రమంగా జరిగి ఉంటే విభజన న్యాయమయ్యేదా అన్న ప్రశ్నకు ఈ వాదపద్ధతిలో చోటు లేదు. ‘అవును’ అంటే సమైక్యవాదం పడిపోతుంది. ‘కాదు’ అంటే లెక్కింపు గురించిన వాదం అనవసరమవుతుంది. ముచ్చటకు దీనికి సరిసమానమైన ఇబ్బంది ఉంది. కారణం ఎంత న్యాయమైనదైనా దాన్ని నెరవేర్చిన పద్ధతిని ప్రశ్నించకూడదా? ఉద్యమ సాహిత్యం ఈ ప్రశ్నను విజయోత్సాహంలో దాటవేసింది.

5. 1956, 2014: ఒకే అధికారం, రెండు దిశలు:

1955లో ఫజల్ అలీ అధ్యక్షతన పనిచేసిన రాష్ట్రాల పునర్విభజన సంఘం నివేదికను ఇరుపక్షాలూ ఉటంకిస్తాయి. చెరొక సగమే ఉటంకిస్తాయి. కృష్ణా, గోదావరి నదులు ఒకే పాలన కిందకు రావడం విశాలాంధ్ర వల్ల కలిగే లాభమని నివేదిక చెప్పింది. సమైక్యవాదులకు ఆ భాగం ప్రియమైనది. విద్యలో వెనుకబడిన తెలంగాణ ప్రజలు తీరాంధ్ర ఆధిక్యంలో నలిగిపోతామని భయపడుతున్నారని కూడా అదే నివేదిక నమోదు చేసింది. తెలంగాణవాదులకు ఆ భాగం శిలాశాసనం. చివరికి నివేదిక చేసిన సిఫారసు రెంటికీ మధ్యస్థమైనది. తెలంగాణను ప్రస్తుతానికి హైదరాబాద్ రాష్ట్రంగా ఉంచాలని, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తరువాత ఆ శాసనసభ మూడింట రెండు వంతుల మెజారిటీతో కోరితే విలీనం చేయవచ్చని అన్నది.

ఆ గడువు దాకా ఆగలేదు, ఆ మూడింట రెండు వంతుల తీర్మానమూ రాలేదు. 1956లో పార్లమెంటు రాష్ట్రాల పునర్విభజన చట్టం చేసింది, నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించింది. పార్లమెంటు ఆగలేదు, మార్చి 1న రాష్ట్రపతి ఆమోదం లభించింది, జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. 1955 నాటి 5వ సవరణ తరువాత శాసనసభ చేయగలిగింది గడువులోగా అభిప్రాయం చెప్పడమే. ఆ అభిప్రాయానికి పార్లమెంటు కట్టుబడి ఉండనక్కరలేదని బొంబాయి రాష్ట్ర విభజనకు సంబంధించిన బాబూలాల్ పరాతే వ్యాజ్యంలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

దీనినుంచి తప్పించుకోలేని నిర్ధారణ ఒకటి వస్తుంది. నిపుణుల సంఘం పెట్టిన సమ్మతి షరతును పక్కనపెట్టి 1956లో కలిపిన అధికారమే, శాసనసభ అసమ్మతిని పక్కనపెట్టి 2014లో విడదీసింది. మొదటిది చట్టబద్ధమనుకునేవారు రెండోదాన్ని ఆ ప్రాతిపదిక మీద తప్పుపట్టలేరు. రెండోదాన్ని స్వాగతించేవారు మొదటిదాన్ని సమ్మతి లేదన్న కారణంతో మాత్రమే నిందించలేరు. విలీనాన్ని సమ్మతి కొలతతో, విభజనను చట్టం కొలతతో తూచడం ఒక పక్షం చేసింది. విలీనాన్ని చట్టంతో, విభజనను సమ్మతితో తూచడం మరో పక్షం చేసింది. తక్కెడ ఒకటే అయినా రాళ్లు మారాయి.

6. వాడపల్లి నుంచి గోదావరికి ఎదురుగా:

కోనసీమలో కొత్తపేట నియోజకవర్గంలోని ఆత్రేయపురం మండలంలో, గోదావరి ఒడ్డున వాడపల్లి ఉంది. వెంకటేశ్వరస్వామి క్షేత్రంగా ప్రసిద్ధమైన ఈ ఊరికి జాతీయోద్యమ చరిత్రలోనూ స్థానముంది. గాంధీ–ఇర్విన్ ఒప్పందం కుదిరిన 1931 మార్చి నెలలోనే ఇక్కడి రథోత్సవంలో స్వామి రథంపై జాతీయ చిహ్నాలు ఉంచడం ఘర్షణకు దారితీసి పోలీసులు కాల్పులు జరిపారు. ప్రాణాలు పోయాయి. రథంపై జెండా కట్టడం ఆనాటి పాలకుల చట్టం ప్రకారం సరైనదేనా అని కోనసీమ చరిత్రను రాసేవారెవరూ విచారించరు. విచారించవలసిన అవసరమూ కనిపించదు. అక్కడ కారణమే ప్రమాణం.

అదే కోనసీమ 2013-14లో చట్టం భాషలో మాట్లాడింది. వాడపల్లి అమలాపురం లోక్‌సభ నియోజకవర్గంలోని గ్రామం. సొంత పార్టీ ప్రభుత్వంపై అవిశ్వాస తీర్మానానికి పూనుకుని 2014 ఫిబ్రవరిలో కాంగ్రెస్ నుంచి బహిష్కృతులైన ఆరుగురు ఎంపీల్లో ఉండవల్లితో పాటు అమలాపురం ఎంపీ హర్షకుమార్ కూడా ఉన్నారు. ఈ ప్రతిఘటన భాష శాసనసభ తీర్మానం, సభానియమాలు, సమాఖ్య స్ఫూర్తి. దాని అడుగున ఉన్న కారణం మాత్రం నీరు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట మీద బతికే డెల్టాకు ఎగువన సరిహద్దు గీత పడుతుందన్న భయం అది. ఆ భయం న్యాయమైనదే, చెప్పుకోదగినదే. చట్టం ముసుగు దానికి అక్కరలేదు. కారణాన్ని సూటిగా చెప్పి ఉంటే, ఎగువ ప్రాంతపు రైతుకూ నీటి విషయంలో చెప్పుకోవలసిన కారణం ఉందని గుర్తించక తప్పేది కాదు. ఇదే పేరుతో మరో వాడపల్లి నల్లగొండ జిల్లాలో కృష్ణా, మూసీ నదుల సంగమం దగ్గర ఉంది. 2014 తరువాత అది రాష్ట్ర సరిహద్దు గ్రామమైంది. ఒకే పేరుగల రెండు ఊళ్లకూ నదే ఆధారం కావడం ఇరుపక్షాల కారణాల్లోని సామ్యాన్ని చూపుతుంది.

గోదావరి వెంట ఎదురుగా వెళితే వాదాలు తారుమారైన చోటు కనిపిస్తుంది. భద్రాచలం ప్రాంతం 1959 వరకు తూర్పుగోదావరి జిల్లాలో ఉండి, తరువాత ఖమ్మంలో కలిసింది. పోలవరం ముంపుకు గురయ్యే ఏడు మండలాల ప్రాంతాన్ని ఆంధ్రప్రదేశ్‌లో ఉంచుతూ 2014 మే చివరిలో, నియమిత దినానికి ముందే, ఆర్డినెన్సు వచ్చింది. జూలైలో పార్లమెంటు దాన్ని చట్టం చేసింది. తెలంగాణ శాసనసభ అభిప్రాయం తీసుకోకుండా సరిహద్దు మార్చడం 3వ అధికరణకు విరుద్ధమని తెలంగాణ పక్షం అభ్యంతరం చెప్పింది. నాలుగు నెలల క్రితం శాసనసభ అభిప్రాయానికి విలువ లేదా అని అడిగినవారు ఇప్పుడు పార్లమెంటు అధికారాన్ని సమర్థించారు. నాలుగు నెలల క్రితం పార్లమెంటు అధికారాన్ని సమర్థించినవారు ఇప్పుడు శాసనసభ అభిప్రాయాన్ని అడిగారు. అధికరణ మారలేదు, వాదించేవారి స్థానాలు మాత్రం మారాయి.

ఈ రెండు అభ్యంతరాల మధ్య కనబడకుండా పోయినవారు ఆ మండలాల్లోని కోయలు, కొండరెడ్లు. వారికి రాష్ట్రం మారింది, తరువాత ఊరు మునగనుంది. వారు ఏ రాష్ట్రంలో ఉండాలనుకుంటున్నారని అడిగే ఏర్పాటు 3వ అధికరణలో లేదు. పార్లమెంటు శాసనసభను అడిగితే చాలు, ఒక్కోసారి అదీ జరగదు. తల్లి రూపకంలో వారు లేరు, అన్నదమ్ముల రూపకంలోనూ లేరు. గిరిజనుల ముంపు బాధపై కథలు, కవితలు వచ్చిన మాట నిజమే. వాటిని నిర్వాసిత సాహిత్యమనే వేరొక అరలో ఉంచడం పరిశోధనకు అలవాటైంది. రాష్ట్ర విభజన సాహిత్యంలో భాగంగా వాటిని చదివినప్పుడే చిత్రం పూర్తవుతుంది.

7. ముగింపు:

కారణం, చట్టబద్ధత ఒకదానికొకటి ప్రత్యామ్నాయాలు కావు. 2014 విభజన అమల్లో ఉన్న రాజ్యాంగం ఇచ్చిన అధికారం పరిధిలో జరిగింది. దాని పార్లమెంటరీ పద్ధతిపై లేవనెత్తిన ప్రశ్నలు గౌరవించదగినవి. తెలంగాణ చెప్పిన కారణాలు ఆరు దశాబ్దాల అనుభవంలోంచి వచ్చినవి. కోనసీమ చెప్పిన భయం నది స్వభావంలోంచి వచ్చినది. ఈ నాలుగు వాక్యాలూ ఏకకాలంలో నిజం కాగలవు. వీటిలో ఒకదాన్ని రుజువు చేస్తే మరొకటి అబద్ధమవుతుందన్న భావనే ఇరుపక్షాల రచనలను బలహీనపరిచింది.

‘వొడువని ముచ్చట’, ‘విభజన కథ’ వంటి పుస్తకాలు విశ్వవిద్యాలయాల్లో ఇప్పటికీ చాలావరకు తమ తమ ప్రాంతాల తరగతి గదుల్లోనే చదవబడుతున్నాయి. వాటిని ఒకే పాఠ్యప్రణాళికలో, ఎదురెదురుగా ఉంచి చదివితే చట్టం పేరుతో దాచిన కారణమూ, కారణం పేరుతో దాటవేసిన పద్ధతీ రెండూ బయటపడతాయి. వాటితో పాటు ముంపు మండలాల సాహిత్యాన్ని కూడా చేర్చినప్పుడు, కలపడానికైనా విడదీయడానికైనా అక్కడ నివసించేవారి సమ్మతికి రాజ్యాంగంలో ఎంత చోటుండాలన్న ప్రశ్న విద్యార్థి ముందు నిలుస్తుంది. 1956లో గానీ 2014లో గానీ ఆ ప్రశ్నకు సమాధానం దొరకలేదు.